స్టార్ మార్కు ఆల్బములు

‘చచ్చేలోపు వినితీరాల్సిన 1001 ఆల్బములు’ అని ఇంగ్లీషులో ఒక లావుపాటి పుస్తకం ఉంది. మొదటిసారి 2005లో వచ్చింది. ఆల్బముకి ముప్పావు గంట వేసుకున్నా ఏడువందల యాభై గంటల పని. పండక్కీ జ్వరానికీ సెలవు పెట్టకుండా రోజుకొకటి వింటే రెండేళ్ళ తొమ్మిది నెలలు. ప్రాణం మీదికి తెచ్చారు గనక తప్పదని మొదలుపెట్టామే అనుకోండి. ఆ పుస్తకానికి మళ్ళీ మళ్ళీ కొత్త ఎడిషన్లు వస్తుంటాయి. వచ్చినప్పుడల్లా కొన్ని కొత్త ఆల్బములు లోపలికొస్తాయి, లెక్క 1001 దాటకూడదు కాబట్టి కొన్ని పాతవి జారిపోతాయి. పాత ఎడిషన్ ప్రకారం అన్నీ శ్రద్ధగా విని, ఇక ఎవరికీ బాకీ లేనని నిశ్చింతగా కన్నుమూసినవాడి సంగతేమిటి? అనవసరంగా విన్నట్టా, తొందరపడి పోయినట్టా?

పుస్తకంతోనే ఆగి ఉంటే నవ్వి ఊరుకోవచ్చు. క్లాసిక్ రాక్ అని నోరెత్తితే చాలు, ఇప్పుడు ఎక్కడైనా ఇదే తంతు. ఎవడో కుర్రాడు ఎక్కడో ఒక పాట వింటాడు. బాగుందనిపిస్తుంది. “ఈ పింక్ ఫ్లాయిడ్ వాళ్ళవి ఇంకేమున్నాయి సార్?” అని ఒక రాక్ పెద్దమనిషిని అడుగుతాడు. ఈ పెద్దమనిషి మాదాపూర్‌లో ఉండొచ్చు, న్యూజెర్సీలో ఉండొచ్చు. ఎక్కడున్నా ఆయనింట్లో ఒక టర్న్‌టేబుల్ ఉంటుంది, దాని మీద పెళ్ళాం పిల్లలు చెయ్యి వెయ్యకూడదు. ఆయన పాట పేరు చెప్పడు. “పాటలు తర్వాత. ముందు ఎసెన్షియల్స్ పూర్తిచెయ్యి,” అని అందుకుంటాడు. పింక్ ఫ్లాయిడ్‌కి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’, బీచ్ బాయ్స్‌కి ‘పెట్ సౌండ్స్’, జోనీ మిచెల్‌కి ‘బ్లూ’, బీటిల్స్‌కి ‘సార్జెంట్ పెప్పర్’. “వరసలో విను. మధ్యలో లేవకు. షఫుల్ మాత్రం పెట్టకు నాయనా, పాపం తగుల్తుంది.”

ఇంటర్మీడియట్ గట్టెక్కినవాళ్ళకి ఈ గొంతు తెలిసిందే. పరీక్షల ముందు బజార్లోకి దిగే సన్నపాటి గైడు గొంతు. అతి ముఖ్యమైన ప్రశ్నలు, పక్కన మూడేసి స్టార్లు. పాఠం చెప్పడం దాని పని కాదు, పాఠం చదవక్కర్లేదని అభయమివ్వడం దాని పని. కాకపోతే గైడు కొన్నవాడు పరీక్ష కాగానే దాన్ని పాత పేపర్లవాడికి తూకానికి వేసేస్తాడు. ఎసెన్షియల్స్ పూర్తిచేసినవాడు మాత్రం ఆ రోజు నుంచీ మనకి పరీక్షలు పెట్టడం మొదలెడతాడు.

ఈ సిలబస్‌లో మొదటి నిషేధం ‘గ్రేటెస్ట్ హిట్స్’ సంకలనాల మీద. అవి వినేవాడు సంగీతం తెలియనివాడట, కారులో ఏదో ఒకటి మోగితే చాలనుకునే రకమట. సరే. అమెరికా రికార్డు కంపెనీల సంఘం 2018లో 38 ప్లాటినంల సర్టిఫికెట్ ఇచ్చి, ‘థ్రిల్లర్’ని కూడా దాటించి కూర్చోబెట్టిన ప్లేటు ఏది? ‘ఈగిల్స్: దెయిర్ గ్రేటెస్ట్ హిట్స్ 1971–1975’. అచ్చమైన సంకలనం. ఇందులో ఇంకో చమత్కారం ఉంది. మన ఇంజినీరింగ్ హాస్టళ్ళలో గిటారు చేతికి దొరికిన ప్రతివాడూ, వేళ్ళు తిరిగినా తిరక్కపోయినా, ముందుగా మీద పడే పాట ‘హోటల్ కాలిఫోర్నియా’. ఆ పాట ఈ ప్లేటులో లేదు. సంకలనం 1976 ఫిబ్రవరిలో వచ్చింది, ‘హోటల్ కాలిఫోర్నియా’ అదే ఏడాది డిసెంబరులో. అంటే ఈగిల్స్ అనగానే మనకి గుర్తొచ్చే ఆ ఒక్క పాట పుట్టకముందే వాళ్ళ ఘనవిజయాల లెక్క తేల్చేశారు, జనం దాన్నే కొన్నారు.

‘పెట్ సౌండ్స్’ కథ ఇంకా బాగుంటుంది. 1966 మేలో అమెరికాలో విడుదలైంది. పదో స్థానం దాకా వెళ్ళి ఆగింది. కేపిటల్ రికార్డ్స్ వాళ్ళకి అది ఆనలేదు. రెండు నెలలు తిరక్కుండా, జులైలో, అదే బీచ్ బాయ్స్ పాత హిట్లన్నీ పోగేసి ‘బెస్ట్ ఆఫ్ ద బీచ్ బాయ్స్’ అని దుకాణాల్లోకి దింపారు. అది గోల్డ్ కొట్టింది. ‘పెట్ సౌండ్స్’కి అమెరికాలో అధికారికంగా గోల్డ్ సర్టిఫికెట్ చేతికందేసరికి 2000 సంవత్సరం వచ్చింది. ఇప్పుడు రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బముల జాబితా వేస్తే, 2003లో రెండో ర్యాంకు, 2012లో రెండో ర్యాంకు, 2020లో కూడా రెండో ర్యాంకే. పైవాళ్ళు మారారు గానీ పాపం దాని కుర్చీ మారలేదు.

ఆ ‘పెట్ సౌండ్స్’ ఎందుకు పుట్టిందో కూడా పెద్దమనిషి కళ్ళు మూసుకుని చెబుతాడు. బ్రయన్ విల్సన్ ‘రబ్బర్ సోల్’ విన్నాడు, మొదటి నుంచీ చివరిదాకా ఒక్క పొల్లు పాట లేదే అని అదిరిపోయాడు, తనూ అలాంటిది చెయ్యాలనుకున్నాడు. నిజమే. కానీ ఆయన విన్నది బీటిల్స్ లండన్‌లో కూర్చిన ‘రబ్బర్ సోల్’ కాదు. అమెరికా వ్యాపారం కోసం అదే కేపిటల్ కంపెనీ అందులోంచి నాలుగు పాటలు కోసి, ‘హెల్ప్!’ బ్రిటిష్ ప్లేటులో మిగిలిన రెంటిని తెచ్చి అతికించి అమ్మిన ప్లేటు. బ్రిటన్‌లో వచ్చిన పాటల్ని ఇలా కోసి, కలిపి అమెరికాలో మరిన్ని ప్లేట్లుగా అమ్ముకోవడం వాళ్ళకి మామూలే. అలా ఒక గుమాస్తా కత్తెరలోంచి ఊడిపడ్డ వరసని ‘కళాకారుడి అఖండ దర్శనం’ అని ఇంకో కళాకారుడు నమ్మాడు, నమ్మి నిజంగానే ఒక అద్భుతం చేశాడు. వరస మార్చి వింటే పాపమని చెప్పే పెద్దమనిషి ఆ గుమాస్తా ఫొటోకి దండ వేసుకోవాలి.

అసలీ ఆల్బము అన్నదే దేవుడిచ్చిన కొలత కాదు. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ఎల్పీ ప్లేటుని కొలంబియా కంపెనీ 1948లో బజారుకి తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాల చిల్లర పడుతుంది. రాక్ సంగీతానికి తాతల్లాంటివాళ్ళకి ఆ ప్లేటుతో పనిపడలేదు. రాబర్ట్ జాన్సన్ 1936లో, 37లో టెక్సస్‌లో 29 బ్లూస్ పాటలు రికార్డు చేశాడు. 1938లో పోయాడు. ఎల్పీ పుట్టింది ఆయన పోయిన పదేళ్ళకి. ఆయనకీ ఒక ‘ఎసెన్షియల్ ఆల్బము’ ఉంది: 1961లో కొలంబియా వాళ్ళు కూర్చినది. చక్ బెర్రీ అయితే ఒక్కో పాటా విడిగా, చిన్న ప్లేట్ల మీద అమ్ముడైన మనిషి. ఆయనకి స్టార్ మార్కు పడింది 1982 నాటి ‘ద గ్రేట్ ట్వంటీ ఎయిట్’కి. అది ఏమిటి? మళ్ళీ గ్రేటెస్ట్ హిట్సే. చెయ్యి తిరిగిన విమర్శకులు వెనకవాకిలి గుండా లోపలికి రానిచ్చారు.

ఈ లెక్క ఘంటసాలకి వేసి చూడండి. పరాయి దేశపు రసికుడొకడు తెలుగు పాట తెలుసుకోవాలని, “ఘంటసాల ఎసెన్షియల్ ఆల్బము ఏది?” అని అడిగాడనుకుందాం. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, ‘లవకుశ’ అని మనం ఉబ్బితబ్బిబ్బై చెప్పబోతే ఆయన ఒప్పుకోడు. అవి సినిమాలు, అందులో వేరేవాళ్ళు కూడా పాడారు, ఆల్బము అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉద్దేశంతో, ఒకే గొంతుతో నడవాలి. అలా వడపోస్తే మిగిలేది భగవద్గీత. ఘంటసాల చివరిరోజుల్లో పాడిన ప్లేటు. గొప్పదే, సందేహం లేదు. కానీ మన ఊళ్ళలో అది ఎప్పుడు మోగుతుందో మనకి తెలుసు. వీధి చివర్నుంచి ఆ గొంతు వినపడితే, “ఎవరు పోయారు?” అంటాం. ఆ రసికుడు పాపం తన దేశానికి తిరిగెళ్ళి, తెలుగువాళ్ళ మహాగాయకుడు శవయాత్రలకి పాడేవాడని వ్యాసం రాస్తాడు. జాబితా ప్రకారం చూస్తే ఆయన తప్పేమీ లేదు.

ఇంతకీ ఆ స్టార్లు వేసేవాళ్ళెవరు? లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బము 1969లో వస్తే రోలింగ్ స్టోన్ పత్రిక ఉతికి ఆరేసింది. 2003లో అదే పత్రిక దానికి 29వ ర్యాంకు ఇచ్చింది. రోలింగ్ స్టోన్స్ ‘ఎక్సైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ 1972లో వచ్చినప్పుడు ఆ పత్రికలోనే సమీక్షకుడు పెదవి విరిచాడు, తర్వాత అది మొదటి పదిలోకి చేరింది. బాబ్ డిలన్ 1970లో ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ తెచ్చాడు. గ్రీల్ మార్కస్ అనే పేరుమోసిన విమర్శకుడు దాని సమీక్షని ఇక్కడ అచ్చెయ్యలేని మాటతో మొదలుపెట్టాడు. నలభై మూడేళ్ళకి, ఆ రోజుల మిగులు రికార్డింగుల్ని ‘అనదర్ సెల్ఫ్ పోర్ట్రెయిట్’ అని డబ్బాలో పెట్టి అమ్మితే, లోపలి వ్యాసం రాసిందెవరు? గ్రీల్ మార్కసే. నేను ఆయన్ని తప్పుపట్టను. మనిషన్నవాడికి అభిప్రాయం మారుతుంది. కానీ 1970లో ఆ సమీక్ష చదివి ప్లేటు కొనకుండా ఊరుకున్న కుర్రాడికి ఆ పావలా మార్కు కలుపుతారా?

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ‘సార్జెంట్ పెప్పర్’ తిన్నది. 2003లో ఒకటో ర్యాంకు, 2012లో ఒకటో ర్యాంకు. 2020లో ఓటేసేవాళ్ళు మారారు, ఇరవై నాలుగు. ఆ ప్లేట్లో ఒక్క శబ్దం మారలేదు. తరాల తరబడి “ఇంతకు మించింది లేదు” అని పిల్లల్ని కూర్చోబెట్టి వినిపించిన తండ్రులు ఒక్కరోజులో మేనేజర్ నుంచి అటెండర్ అయ్యారు. పైగా, ఆ ఆల్బము కోసమని మొదలెట్టిన పాటల్లో ఆణిముత్యాలైన ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’, ‘పెన్నీ లేన్’ అందులో లేనేలేవు. తొందరపడి 1967 ఫిబ్రవరిలో విడిగా సింగిల్‌గా వదిలేశారు. నిర్మాత జార్జ్ మార్టిన్ ఆ నిర్ణయానికి తర్వాత చాలా నొచ్చుకున్నాడు. స్టార్ మార్కు ప్రశ్నే చదివినవాడికి ఈ రెండు పాటలూ అవుటాఫ్ సిలబస్.

ఇలా తిట్టినంత మాత్రాన ఆ ప్లేట్లన్నీ పనికిమాలినవని నా ఉద్దేశం కాదు. ‘డార్క్ సైడ్’ని ముక్కలు చేసి వినడం నిజంగానే అన్యాయం, ఒక పాట తోక ఇంకో పాట నోట్లో ఉంటుంది. 2020లో ఒకటో ర్యాంకు దక్కిన మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ నేను విన్న మంచి ప్లేట్లలో ఒకటి. కానీ అందులో అదే పేరున్న పాట అమ్ముడుపోదని మోటౌన్ యజమాని బెర్రీ గోర్డీ మొరాయించాడు. 1971 జనవరిలో సింగిల్‌గా వచ్చి జనం ఎగబడి కొన్నాకే ఆల్బముకి దారి దొరికింది. ముందు పాట పరిగెత్తింది, వెనక ఆల్బము నడిచింది. మన పెద్దమనిషి మాత్రం ఆల్బము పల్లకీలో పాటని ఊరేగిస్తాడు.

ఆ ఊరేగింపు కట్నం ఎవరికి పోతోందో చూడాలి. ఎల్పీగా కొన్నాడు, క్యాసెట్టుగా కొన్నాడు, సీడీగా కొన్నాడు, రీమాస్టర్ చేస్తే మళ్ళీ కొన్నాడు. ఇప్పుడు 180 గ్రాముల ప్లేటుగా అదే కొంటున్నాడు. యాభయ్యో వార్షికోత్సవం వస్తే ఒక డబ్బా వస్తుంది, అందులో మొదట పనికిరావని పక్కన పడేసిన టేకులన్నీ ఉంటాయి. సోనీ వాళ్ళకి ‘ద ఎసెన్షియల్’ అనే పేరుతోనే ఒక వరస ఉంది. డిలన్, స్ప్రింగ్‌స్టీన్, మైకేల్ జాక్సన్ అందరికీ రెండేసి డిస్కులు. కొన్నాళ్ళకి కొందరికి మూడో డిస్కు కలిపి ‘ఎసెన్షియల్ 3.0’ అన్నారు. రెండు డిస్కుల్లో అత్యవసరాలన్నీ ఉన్నాయని నమ్మి కొన్నవాడు అప్పటిదాకా ఏమి లేక బతికాడో మరి.

వినడానికి కష్టమైనది ఎంత వింటే అంత పుణ్యం అనే శాఖ కూడా ఒకటుంది. కెప్టెన్ బీఫ్‌హార్ట్ ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’, 1969, ఇరవై ఎనిమిది పాటలు. రోలింగ్ స్టోన్ 2003 జాబితాలో మొదటి అరవైలో ఉంది. “మొదటిసారి నచ్చదు. ఆరోసారికి తెలుస్తుంది,” అంటారు. ఆరుసార్లు వింటే పక్కింటివాళ్ళ గ్రైండరు కూడా నచ్చుతుంది.

తెలుగుదేశానికి ఈ సంగీతం ఏ సిలబస్‌తోనూ రాలేదు. ఎనభైల్లో, తొంభైల్లో మన ఊళ్ళలో క్యాసెట్ రికార్డింగు సెంటర్లు ఉండేవి. నోటుబుక్కు కాగితం మీద పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. ఒక వైపు చివర రెండు నిమిషాలు మిగిలితే షాపతను తన ఇష్టం వచ్చింది నింపేవాడు. ఎంతమంది అక్కడే బోనీ ఎం తొలిసారి విన్నారో! రోలింగ్ స్టోన్ అయిదువందల్లో బోనీ ఎంకి ఒక్క చోటు లేదు. మన దేశంలో మాత్రం వాళ్ళ క్యాసెట్టు లేని షాపు ఉండేది కాదు.

మైకేల్ జాక్సన్ సంగతి సరేసరి. ‘థ్రిల్లర్’ 1982లో వచ్చింది, దాని వీడియో 1983లో. నేల టిక్కెట్టు తెలుగువాడికి దాని రుచి చూపించింది 1985లో చిరంజీవి ‘దొంగ’, చక్రవర్తి సంగీతం, ‘గోలీమార్’ పాట. సమాధులు పగలడం, శవాలు లేచొచ్చి స్టెప్పులెయ్యడం, అన్నీ కళ్ళారా చూశాక, అసలుదొకటి అమెరికాలో ఉందట అని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళున్నారు. తలకిందులుగా వెళ్ళారు, నకలు నుంచి అసలుకి, అయినా చేరారు. ఇన్నేళ్ళకి ఇంటర్నెట్ పుణ్యమా అని అమెరికా వాళ్ళే ‘గోలీమార్’ చూసి, ఇదేమిటి, ఈయనెవరు అని అటునుంచి ఇటు వెతుక్కుంటూ వచ్చారు. ఈ రాకపోకలు ఏ గైడులోనూ లేవు.

మన పెద్దమనిషికి ఆ పాట పేరెత్తితే ఒళ్ళు మంట. కానీ రేపు ఎవరైనా లండన్ కంపెనీవాళ్ళు ‘దొంగ’ పాటల్ని రీమాస్టర్ చేసి, 180 గ్రాముల ప్లేటు మీద వేసి, వెనక నాలుగు పేజీల వ్యాసం రాయిస్తే, నంబరు వేసిన మొదటి కాపీ ఆయనే బుక్ చేసుకుంటాడు. చేసుకుని ఆ కుర్రాణ్ణే పిలిచి కూర్చోబెడతాడు. “చక్రవర్తి ఎసెన్షియల్స్‌లో ఇది మొదటిది. మధ్యలో లేవకు,” అంటాడు.