దూరం నుంచి ఇల్లు వెతుకు విధానం

హైదరాబాద్‌లో ప్రతి అద్దె ఫ్లాటూ రెండు చోట్ల ఉంటుంది: ఒకటి ఫోన్‌లో, ఒకటి హైదరాబాద్‌లో. బెజవాడలోనో విశాఖలోనో కూర్చుని వెతికేవారికి కనిపించేది మొదటిది. లారీలోంచి సామాను దిగేది రెండోదాని ముందు. రెండూ ఒకటేనని ప్రకటన చెబుతుంది. ఆ మాట నమ్మి అడ్వాన్సు పంపేసిన కుటుంబాలకు ఇప్పుడు చెప్పి లాభం లేదు. ఇంకా పంపని వారి కోసం ఈ ప్రక్రియ వివరాలు ఇక్కడ వరుసగా ఇవ్వడమైనది.

వెతుకులాట బంధువులతో మొదలవుతుంది. కోస్తాలోని ప్రతి కుటుంబానికీ హైదరాబాద్‌లో ఒక బాబాయి ఉంటాడు. తానుండే కాలనీ తప్ప మిగతా నగరం మనుషులు ఉండదగింది కాదని ఆయన నమ్మకం. ఆఫీసు గచ్చిబౌలిలో అని చెప్పినా "మా వనస్థలిపురంలోనే తీసుకోరా, గాలీ వెలుతురూ బాగుంటాయి. మెట్రో ఎక్కితే సరి" అంటాడు. ఎల్బీనగర్ దాకా ఆటోలో వెళ్లడం, అక్కడ మెట్రో ఎక్కడం, అమీర్‌పేటలో మారడం, రాయదుర్గంలో దిగడం, దిగాక మళ్లీ ఆటో కోసం నిలబడటం ఆయన లెక్కలోకి రావు. ఆయన రిటైరయ్యారు. అయినా బాబాయిని కాదనుకోవడానికి లేదు. ఆయన స్కూటరు మీద వెళ్లి చూసి వచ్చిన ఇల్లే ఈ మొత్తం వ్యవహారంలో ఎవరైనా కళ్లారా చూసిన ఇల్లు.

తరువాతి దశ ప్రకటనలు. ప్రకటనల భూగోళం వేరు. అందులో గచ్చిబౌలి చాలా పెద్దది. పడమర తెల్లాపూర్, దక్షిణాన నార్సింగి, ఉత్తరాన మియాపూర్ దాటిపోయేదాకా అంతా గచ్చిబౌలి పక్కనే. 'ఓఆర్ఆర్‌కు దగ్గర' అన్న మాటలో అబద్ధం వెతకడం కష్టం, ఎందుకంటే ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. ఆ చుట్టుకొలతలో ఎక్కడ ఇల్లు కట్టినా అది దగ్గరే. 'హైటెక్ సిటీకి 15 నిమిషాలు' అనేదీ నిజమే. అయితే ఆ ప్రయాణం సంక్రాంతికి సగం నగరం ఊళ్లకు పోయిన తెల్లవారుజామున చేసి ఉండాలి. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు చేరాలంటే ఎప్పుడు బయలుదేరాలో ఫోన్‌లోని మ్యాపే చెబుతుంది. దానికి చేరాల్సిన వేళ చెప్పి అడగాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మ్యాపు చూసి ఇల్లు ఖాయం చేసుకునేవారే ఎక్కువ. తర్వాతి 11 నెలలు వాళ్లు బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఆ నిర్ణయం గురించి ఆలోచించుకుంటూ ఉంటారు.

విస్తీర్ణం దగ్గరికి వస్తే ప్రకటన మరింత ఉదారంగా ఉంటుంది. '1200 ఎస్‌ఎఫ్‌టీ' అనే అంకెలో గోడల మందం, మెట్లు, లిఫ్టు, కారిడారు, కింద వాచ్‌మన్ గది ముందు ఉన్న ఖాళీ, అన్నింటిలోనూ ఫ్లాటుకు రావాల్సిన వాటా కలిసి ఉంటుంది. దీన్ని సూపర్ బిల్టప్ ఏరియా అంటారు. చాప పరుచుకునే చోటు కావాలంటే అందులోంచి నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు తీసేయాలి. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించింది, ఫ్లాట్లు అమ్మేవారు ఆ లెక్క చెప్పాలంది. అద్దెకిచ్చేవారికి ఆ బెడద లేదు. కాబట్టి కొన్నప్పుడు 800 చదరపు అడుగులైన ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు హాయిగా 1200 అవుతుంది. మంచం, బీరువా కొలతలు రాసుకుని, టేపుతో గది కొలిచి వీడియో తీసి పంపమని అడగడంలో తప్పు లేదు. అడిగినవారిని చాదస్తులుగా చూస్తారు, అంతే.

ఫోటోల్లో ఏ గదైనా ఫంక్షన్ హాలులా ఉంటుంది. అది లెన్సు మహిమ. కిటికీ తెరలు మాత్రం అన్ని ఫోటోల్లోనూ మూసే ఉంటాయి. అవతలి అపార్ట్‌మెంటు వంటింట్లో పోపు వేస్తుంటే ఇవతల తుమ్ములు వచ్చేంత దగ్గర్లో ఉంటుంది కాబట్టి తెర తీయడం ఎవరికీ క్షేమం కాదు. సెమీ ఫర్నిష్డ్ అంటే ఫ్యాన్లు, ట్యూబులైట్లు, చెక్క కప్‌బోర్డులు. ఫుల్లీ ఫర్నిష్డ్ అంటే వాటికి తోడు, ఓనరు కొత్త సోఫా కొనుక్కున్నాక ఎవరికీ అక్కర్లేకుండా పోయిన పాత సోఫా.

'24 గంటల నీళ్లు' విషయం కొంచెం ఓపిగ్గా చూడాల్సిందే. మిద్దె మీద ట్యాంకు ఉన్న ఏ ఇంట్లోనైనా 24 గంటలూ నీళ్లు వస్తాయి. ట్యాంకులోకి ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. సర్కారు కుళాయి నీళ్లను నగరంలో ఇప్పటికీ మంజీరా అనే అంటారు, కృష్ణా గోదావరి జలాలు వచ్చి కలిసి ఏళ్లు గడిచినా సరే. మంజీరా ఉందంటే రోజు విడిచి రోజు కాసేపు వస్తుందని అర్థం. బోరు ఉందంటే ఒకప్పుడు నీళ్లు పడ్డాయని అర్థం. కొండాపూర్, మణికొండ లాంటి చోట్ల బండలమీద లేచిన అపార్ట్‌మెంట్లకు ఎండాకాలంలో దిక్కు ట్యాంకరే. మార్చి నుంచి జూన్ దాకా వారానికి ఎన్ని ట్యాంకర్లు దిగుతాయి, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిసే ఉందా విడిగా పంచుతారా అన్న ప్రశ్న ఓనరును అడగకూడదు. ఆయనకు నిజంగానే తెలియదు. వాచ్‌మన్‌ను అడగాలి. ట్యాంకరు పైపు పట్టుకునేది అతనే. లిఫ్టు నెలకు ఎన్నిసార్లు ఆగుతుందో, అంతకుముందు అద్దెకున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారో కూడా అతని దగ్గరే తెలుస్తుంది. ఫోన్ నంబరు సంపాదించాల్సింది ముందు వాచ్‌మన్‌ది, తర్వాత ఓనరుది.

ఇక ఓనరు. పడమటి హైదరాబాద్ ఫ్లాట్లలో ఓనరు తరచుగా అమెరికాలో ఉంటాడు. తాళం వాచ్‌మన్ దగ్గర, నిర్ణయం డాలస్‌లో, అభ్యంతరం కూకట్‌పల్లిలోని మామగారి దగ్గర ఉంటాయి. అద్దెకు వచ్చేవారు ముగ్గురినీ ఒప్పించాలి. ఇంటర్వ్యూ మామగారే చేస్తారు, అదీ ఫోన్‌లోనే. ఆఫీసువాళ్లు మూడు రౌండ్లలో తేల్చలేని సంగతులు ఆయన పది నిమిషాల్లో తేలుస్తారు.

"ఎంతమంది ఉంటారండీ?"

"నలుగురం అండీ. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు."

"చుట్టాలు వస్తుంటారా?"

"ఎప్పుడైనా అమ్మావాళ్లు వస్తారండీ."

"ఎన్నాళ్లుంటారు?"

ఈ ప్రశ్నకు కుటుంబంలోనే ఇంకా జవాబు కుదిరి ఉండదు. తరువాత జీతం, కంపెనీ, వర్క్ ఫ్రం హోమ్ అయితే ఏసీ రోజంతా వేస్తారా అన్న సందేహం వస్తాయి. మీటరు వేరుగా ఉన్నా ఆ సందేహం ఉంటుంది. నాన్‌వెజ్ వండుతారా అన్నది తర్వాతి ప్రశ్న. ఆదివారం వేటమాంసం లేకుండా గడవని నగరంలో ఈ ప్రశ్న వేసేవాళ్ల సంఖ్య చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. చివరికి అసలు విషయం వస్తుంది. సూటిగా అడిగే పాతకాలపువారు "మీరేవిట్లండీ?" అంటారు. నాగరికులు "ఇంటిపేరు ఏమిటన్నారూ?" అని ఆగుతారు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు, ఊరితో తేలకపోతే ఏ వీధి అన్నదాకా పోతుంది. కోరుకున్న జవాబు రాకపోతే ఫ్లాటు ఆ క్షణంలోనే ఎవరో చుట్టాలకు ఇచ్చేసినట్టు గుర్తుకొస్తుంది. ముస్లిం పేరు వినబడితే ఇంత తతంగం కూడా ఉండదు, చుట్టాలు ముందే దిగిపోతారు. ప్రకటన మాత్రం మరునాడూ అలాగే ఉంటుంది. అంటరానితనం పేరిట ఒకరిని ఒక ప్రాంతంలో నివాసం ఉండనివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకే కారణం ఎవరూ చెప్పరు. ఈ నగరంలో అద్దె ఇళ్ల మీద పడుతున్న చుట్టాలందరూ నిజంగా ఉండి ఉంటే ఒక్క టు-లెట్ బోర్డూ మిగిలేది కాదు.

'ఫ్యామిలీస్ ఓన్లీ' అన్నచోట బ్యాచిలరు అంటే పెళ్లి కానివాడని అనుకోవడం పొరపాటు. భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన నలభై ఏళ్ల మనిషి కూడా బ్యాచిలరే. పెళ్లికాని అమ్మాయి అయితే బ్యాచిలరు కంటే పెద్ద సమస్య. ఆమె ఎన్నింటికి ఇంటికి వస్తుందో తెలుసుకునే బాధ్యతను అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మొత్తం స్వచ్ఛందంగా నెత్తికెత్తుకుంటుంది. వీళ్లందరి కోసమే అమీర్‌పేటలో, మాదాపూర్‌లో హాస్టళ్లు, పీజీలు వెలిశాయి. అక్కడ ఎవరూ ఇంటిపేరు అడగరు, అడ్వాన్సు మాత్రమే అడుగుతారు. ఈ లెక్కన చూస్తే నగరంలో అన్నింటికన్నా ఉదారమైన సంస్థ మెన్స్ హాస్టలే.

బ్రోకరు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అతనికి పదిహేను రోజుల అద్దో, నెల అద్దో ఇవ్వాలి. బ్రోకరు అక్కర్లేదని చెప్పే యాప్‌లకు ఆ సంగతి చెప్పినందుకు చందా కట్టాలి.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి దూరం నుంచి వెతికేవారికి అసలు ప్రమాదం మొదలవుతుంది. కొత్త మోసాల్లో పాతబడిపోయినది ఒకటుంది. ఫోటోలు బాగుంటాయి, అద్దె చుట్టుపక్కల కంటే నాలుగైదు వేలు తక్కువ. ఓనరు తాను సైన్యంలో అధికారినని, బదిలీ అయి సరిహద్దులో ఉన్నానని చెప్పి గుర్తింపు కార్డు ఫోటో పంపుతాడు. ఇల్లు చూడటానికి గేట్ పాస్ కావాలి, దానికి కొంత కట్టాలి, అది తిరిగి వస్తుందంటాడు. ఆ తిరిగివచ్చే డబ్బు కోసం ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్టే. నెలకు లక్షలు జీతం తీసుకునే సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడా ఇక్కడ దొరికిపోతుంటారు. మామగారికి ఇన్ని జవాబులు చెప్పి విసిగినవారికి, ఏమీ అడగని ఓనరు దేవుడిలా కనిపించడంలో వింత లేదు. పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. బాబాయికి తర్వాత చెప్పొచ్చు.

నిజమైన ఓనరుకు ఇవ్వాల్సిన అడ్వాన్సు హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దె. బెంగళూరు వెళ్లే తెలుగువారు ఈ మాట విని అసూయ పడతారు. అక్కడ పది నెలల అద్దె అడిగే సంప్రదాయం చాలాకాలం నడిచింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలలు మించొద్దంది. అది నమూనా కాబట్టి రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. ఓనర్లు దాన్ని చదివి మెచ్చుకుని పక్కన పెట్టవచ్చు. అగ్రిమెంటు 11 నెలలకు రాస్తారు, ఏడాది దాటితే రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కాబట్టి. ఆంగ్లేయుల నాటి ఈ ఒక్క చట్టాన్నే దేశమంతా ఇంత శ్రద్ధగా, నెల తక్కువగా పాటిస్తోంది. అగ్రిమెంటులో నోటీసు గడువు, ఏటా పెంచే శాతం, పార్కింగ్ నంబరు, పెయింటింగ్ ఖర్చు ఎవరిదన్నది చదివి సంతకం పెట్టాలి. చదివేవారు తక్కువ. స్టాంపు పేపరు కింద ఉండే పాఠం మాత్రం ఇంటింటికీ ఒకటే. అందులో వెనకటి అద్దెదారు పేరు ఒక్కచోటైనా మార్చకుండా మిగిలిపోతుంది.

ఓనరు పాన్ నంబరు అడిగే ఘట్టం కూడా ఇక్కడే వస్తుంది. పాత పన్ను విధానంలో ఏడాదికి లక్ష దాటిన అద్దె మీద మినహాయింపు కావాలంటే ఆ నంబరు ఇవ్వాల్సిందే. లక్ష అంటే నెలకు ఎనిమిది వేల పైచిలుకు. ఆ అద్దెకు ఇప్పుడు గచ్చిబౌలిలో పార్కింగ్ దొరికితే గొప్ప. అద్దె నెలకు 50 వేలు దాటితే అద్దెదారే 2 శాతం పన్ను మినహాయించి కట్టాలి. 2024 అక్టోబరు దాకా అది 5 శాతం ఉండేది. డాలస్‌లో ఉన్న ఓనరుకు ఈ అంకెలూ వర్తించవు, ప్రవాసులకు నియమాలు వేరు, కోత ఎక్కువ. ఈ సంగతి ఎత్తగానే అంతవరకు అమెరికాలో ఉన్న ఓనరు స్థానంలో మామగారు ఓనరవుతారు.

చేరే ముహూర్తానికి నగరంలో ఒక లెక్క ఉంది. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఆ వెనుకే ఆషాఢం వస్తుంది. రెండింటికీ ముందే పాలు పొంగించాలి కాబట్టి మే నెలలో అందరూ ఒక్కసారే ఇళ్ల మీద పడతారు, అద్దెలు ఆ నెలలోనే పెరుగుతాయి. పట్టింపు లేనివారు ఆషాఢంలో వెతికితే బేరం కుదురుతుంది. ఆ నెలలో మామగారి ప్రశ్నలు కూడా తగ్గుతాయి. అంతకంటే మంచిది, కుటుంబంలో ఒకరు ముందుగా వచ్చి రెండు వారాలు పీజీలో ఉండి, ఆఫీసు వేళల్లో ఆ దారిన తిరిగి, సాయంత్రం పూట ఇళ్లు చూసుకోవడం. అందరికీ తెలిసిన ఈ పద్ధతిని ఎవరూ పాటించరు.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పెయింటింగ్‌కు పోతుంది. వచ్చేవారికి కొత్త పెయింటు వేస్తారా అన్నది వేరే సంగతి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, గీజరు, ఆ పాత సోఫా ఫోటోలు తీసి ఓనరుకూ మామగారికీ వాట్సాప్‌లో పంపి, కరెంటు సర్వీసు నంబరు మీద పాత బకాయి ఎంతుందో చూసి ఉంచుకోండి.