గుమ్మం ముందు నిమ్మకాయ

ఏటా డిసెంబరు 31 రాత్రి నాకొక పని ఉంటుంది. లెక్కల పుస్తకం చివరి పేజీ తీసి, ఆ ఏడాది చూసిన దెయ్యం సినిమాల పేర్లు రాసి, ఏది ఎక్కువ భయపెట్టిందో దానికి ఒకటో నంబరు వేస్తాను. 1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ చూసొచ్చి మొదలుపెట్టిన అలవాటిది. ఒడిశా బరంపురంలో పట్టుచీరల కొట్టు గుమస్తాని. పగలంతా జమలూ ఖర్చులూ రాసే చేతికి ఏడాదికోసారైనా కాస్త సరదా ఉండొద్దూ?

2023 పేజీ మాత్రం సగంలో ఆగిపోయింది. అయిదు పేర్లున్నాయి, నంబర్లు లేవు. ఎందుకు లేవో మా ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఇన్నాళ్ళూ బయట చెప్పలేదు.

నిజానికి నాబోటివాడికి ఆ ఏడాదంతా పండగే. అంతకుముందు నవంబరులో వచ్చిన ‘మసూద’ని నేను సంక్రాంతి ముందు ఫోన్లో చూశాను. ఏప్రిల్ 21న ‘విరూపాక్ష’, నవంబరు 3న ‘మా ఊరి పొలిమేర 2’, 17న ‘మంగళవారం’, డిసెంబరు 15న ‘పిండం’. ఇంగ్లీషు దెయ్యాలంటే నాకంత గురి లేదు. అవి తలుపులు కొడతాయి, కుర్చీలు జరుపుతాయి, అంతే. మన దెయ్యానికి ఊరుంటుంది, కులం ఉంటుంది, పాత బాకీ ఉంటుంది. ఎవరి మీద పగో దానికి బాగా తెలుసు.

‘విరూపాక్ష’ నాటికి మా ఊళ్ళో ఠాకురాణి యాత్ర జరుగుతోంది. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి వదిలి దేశీబెహెరా వీధిలో పుట్టింటికి వస్తుంది. ఆ వీధి నేతవాళ్ళది. వాళ్ళ పెద్ద దేశీబెహెరా ఆవిడకి తండ్రి వరస. ఆడబిడ్డ పుట్టింట ఉన్నన్నాళ్ళూ రాత్రుళ్ళు వీధుల్లో ఘటాలు తిరుగుతాయి, మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. 2021లో కరోనా మింగేసింది కనక ఈసారి నాలుగేళ్ళ ఆకలి మీద ఉన్నారు జనం.

నేను సెకండ్ షో వదిలాక నడిచి వస్తున్నాను. చెవుల్లో ఇంకా అజనీష్ లోక్‌నాథ్ సంగీతమే మోగుతోంది. మా సందు మలుపులో కరెంటు లేదు. చీకట్లో ఒక ఎర్రటి చుక్క వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. దాని వెనక మీసాలు, వాటి వెనక చారలు. పులి ఒకటి అరుగు మీద కూచుని బీడీ కాలుస్తోంది.

నేను అరిచానని వీధిలోవాళ్ళంటారు. నాకు గుర్తులేదు. పరిగెత్తిన మాట నిజం, ఒక చెప్పు కాలవలో పడ్డ మాటా నిజం. వెనకనించి “మావా! నేనే మావా! ఆగు మావా!” అని పులి అరవడం కూడా విన్నాను. మా అక్క కొడుకు. మొక్కుంది, పులి వేషం కట్టాడు. తెల్లారేసరికి ఆ చెప్పు కడిగి, పసుపు రాసి, మా గుమ్మంలో పెట్టి దణ్ణం పెట్టి పోయాడు వెధవ. కొట్లో నెల రోజులు ‘పులిమావ’ అనే పిలిచారు.

ఇంతవరకైతే ఈ పేజీకి నంబర్లు పడేవి. ఇది నవ్వుకునే తెలివితక్కువతనం. రెండోది అలాంటిది కాదు.

మా పక్కింట్లో ఒక ఒడియా ముసలావిడ ఒక్కర్తే ఉంటుంది. వీధంతా మావుసీ అంటుంది. అప్పడాలు చేసి దుకాణాలకి వేస్తుంది. బరంపురం అప్పడాలంటే బయటూళ్ళవాళ్ళు పెట్టెలు కట్టించుకు పోతారు కదా, వాటిలో కొన్ని ఆవిడ చేతివే. తెల్లవారుజామున మూడింటికే ఆవిడ వంటింట్లో దీపం వెలుగుతుంది. ధన్, ధన్ అని ఒక చప్పుడు. మధ్యమధ్య గొణుగుడు. ముప్ఫయ్యేళ్ళుగా వింటున్న చప్పుడే. నవంబరు 3 దాకా అది నాకు మినప్పిండి దంచుతున్న చప్పుడు. ‘పొలిమేర 2’ చూసొచ్చాక అది వేరే చప్పుడైపోయింది.

అందులో ఆటో నడుపుకునే కొమిరి లాంటివాడి వెనక అంత చేతబడి ఉంటే, అప్పడాల ముసలమ్మ వెనక ఎంతుండాలి? సినిమా నాకు నేర్పిన లెక్క ఇది. ఒకరోజు మూడింటికి డాబా ఎక్కి తొంగిచూశాను. యాభై దాటిన మనిషిని, మంకీ క్యాపు పెట్టుకుని, నీళ్ళ ట్యాంకు వెనక నక్కి. దీపం ముందు మావుసీ కూచునుంది. చుట్టూ నేల మీద తెల్లటి పిండి. రోకలి ఎత్తుతోంది, దించుతోంది. పెదాలు కదులుతున్నాయి. నాకింకేం కావాలి?

మర్నాడు పొద్దున్న మా గేటు దగ్గర నిమ్మకాయ కనపడింది. సగానికి కోసి, కుంకం అద్ది ఉంది. వాళ్ళ గోడ వైపుకి దొర్లి ఉంది.

దాన్ని చీపురుపుల్లతో తోసి, పేపర్లో చుట్టి, పారేశాను. ఆ వారంలోనే మా మనవరాలు వచ్చింది, దానికి జొరం తగిలింది. ఊళ్ళో సగం పిల్లలకి అదే జొరం. డాక్టరు వైరల్ అన్నాడు, మూడు రోజులన్నాడు, సరిగ్గా మూడు రోజులకే తగ్గింది. రెండో రోజు టీ కొట్టు దగ్గర పిల్లకెలా ఉందని ఎవరో అడిగారు. “మా గుమ్మంలో నిమ్మకాయ పెట్టిన చెయ్యి ఏదో నాకు తెలుసులే,” అన్నాను. పేరు చెప్పలేదు. పక్కింటివైపు ఒక్కసారి చూశాను.

‘మంగళవారం’లో ఊరివాళ్ళ గుట్టు ఎవరో గోడల మీద రాస్తారు, ఆ పేర్లున్నవాళ్ళు చచ్చి కనబడతారు. నాకు గోడ కూడా అక్కర్లేకపోయింది.

నేను తెలియనివాణ్ణా అంటే, అదీ కాదు. ‘విరూపాక్ష’ మొదట్లో, 1979లో, చేతబడి చేస్తున్నారని ఊరంతా కలిసి ఒక మొగుడూ పెళ్ళాల్ని తగలబెడుతుంది. పుష్కరం తిరిగేసరికి ఊరు వల్లకాడవుతుందని వాళ్ళు శపిస్తారు. ఆ సీనుకి హాల్లో నా పక్కనున్నవాడితో “చూడండి, మూర్ఖులు” అన్నది నేనే. ఈ జిల్లాలోనే, ఖల్లికోట్ దగ్గర గోపాపూర్‌లో, 2019 అక్టోబరులో, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఆరుగురు పెద్దవాళ్ళ పళ్ళూడగొట్టి, మలం తినిపించారని పేపర్లో చదివి, ఆ పూట అన్నం సయించక లేచిపోయిందీ నేనే. ఇలాంటివాటి మీద ఒడిశాలో 2013 నాటి ప్రత్యేక చట్టమే ఉందని కొట్లో కుర్రాళ్ళకి చెప్పిందీ నేనే. అన్నీ తెలుసు. కాకపోతే, సినిమాలో అనుమానం ఎప్పుడూ నిజమై తీరుతుంది. చేతబడి సినిమాలో చివరికి చేతబడి లేదని తేలితే టిక్కెట్టు డబ్బులు తిరిగిమ్మంటాం. ముప్ఫయ్యొక్కేళ్ళుగా అలా నిజమైన అనుమానాలకే నంబర్లు వేసుకుంటూ వచ్చాను. నా అనుమానం ఒట్టిదయ్యే వీలుందని నాకు తట్టనే లేదు.

వారం తిరక్కుండా పిల్లలు మావుసీ డాబా మీదికి పోవడం మానేశారు. అప్పడాలు ఆరేసేటప్పుడు విరిగిన ముక్కలు వాళ్ళకే పెట్టేదావిడ. తరవాత ఒక దుకాణంవాడు ఇప్పుడు సరుకు వద్దన్నాడు. ఇంకొకడూ అన్నాడు. మూడింటి చప్పుడు నాలుగింటికి మొదలై అయిదింటికే అయిపోతోంది. చప్పుడు తగ్గిందని నాకు ధైర్యమొచ్చింది కూడా! నా మాటతో జడిసిందనుకున్నాను.

‘పిండం’ చూసొచ్చిన రాత్రి అన్నం తింటూ ఈ విజయగాథంతా మా ఆవిడకి చెప్పాను. ఈశ్వరీరావు అందులో దెయ్యాన్ని పట్టినట్టు నేను మావుసీని పట్టానన్నట్టే చెప్పానేమో. ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

“ఏ నిమ్మకాయండీ?”

“గేటు దగ్గరది. కుంకం పెట్టి.”

“ఓలమ్మ! అది నేను పెట్టిందండీ.”

నేను నోట్లో ముద్ద మింగలేదు.

“ఆ సినిమా చూసొచ్చినకాడినించి రాత్రుళ్ళు కొమిరీ, కొమిరీ అని మూలుగుతున్నారు. దిష్టి తగిలిందని నిద్దట్లో తిప్పి తీశాను. కూడల్లో పారెయ్యాల. తెల్లారగట్ల కూడలి దాకా ఒక్కదాన్నీ ఎలా ఎల్తాను? మీరు చెప్పే కతలు విని నాకు గుమ్మం దాటాలంటే బయం. గేటు బయటికి ఇసిరేసి తలుపేసీసుకున్నాను.”

అంటే, నా దిష్టి, నా నిమ్మకాయ, నా కథల భయం. మావుసీకి ఇందులో ఉన్నదల్లా గోడ ఒక్కటే.

రెండు రోజులు తచ్చాడి మూడో రోజు వెళ్ళాను. ఆవిడ చేటలో అప్పడాలు లెక్కపెడుతోంది, ఎకో, దుయి, తిని అనుకుంటూ. ఆ గొణుగుడు మంత్రం కాదు, లెక్క. నేను రోజంతా కొట్లో చేసే పనే. నాకొచ్చిన ఒడియాలో మొత్తం చెప్పాను, డాబా ఎక్కిన సంగతితో సహా. తలెత్తకుండా విన్నది. చివర్న, “కోసిన నిమ్మకాయ పారేశారా? ఉప్పులో వేస్తే ఊరేది కదా,” అన్నది. ఆ తరవాత అప్పడాలకేసి చూసి, లెక్క తప్పిందన్నట్టు తల ఊపి, మళ్ళీ ఎకో నుంచి మొదలెట్టింది. నన్ను కూచోమనలేదు. వెళ్ళమనీ అనలేదు.

టీ కొట్టు దగ్గరికెళ్ళి, ఉన్న అందరికీ వినబడేలా, ఆ నిమ్మకాయ మా ఇంట్లోదేనని చెప్పాను. నవ్వారు. ‘పులిమావ’కి ఇంకో కథ దొరికింది. ఆ రెండు దుకాణాలకీ నేనే వెళ్ళి మాట్లాడితే ఒకడు మళ్ళీ సరుకు తీసుకుంటున్నాడు. రెండోవాడు చూద్దాంలెండి అన్నాడు, ఇప్పటికీ చూస్తున్నాడు. పిల్లలైతే సంక్రాంతి సెలవులకే డాబా ఎక్కేశారు.

డిసెంబరు 31న పుస్తకం తీసి అయిదు పేర్లు రాశాను. కలం పట్టుకుని చాలాసేపు కూచుని, మూసేశాను. సినిమాలు చూడడం మానలేదు. ఫిబ్రవరిలో ‘భ్రమయుగం’ తెలుగులో వస్తే మొదటి రోజే వెళ్ళాను. తెలుపు నలుపుల్లో మమ్ముట్టిని చూస్తూ వెన్ను జలదరించింది కూడా.

మొన్న పొద్దున్న టీ కొట్టులో ఉన్నాను. మావుసీ పాల ప్యాకెట్టు కోసం వచ్చింది. యాభై నోటిచ్చింది. కొట్టువాడు నాకెప్పుడూ చిల్లర చేతిలోనే పెడతాడు. ఆవిడ చెయ్యి చాపే ఉంది. వాడు నాణేల్ని బల్ల మీద పెట్టి, వేలితో ముందుకి తోశాడు.