‘ఇక్కడ క్లిక్ చేయండి’: టీకాతాత్పర్యము

మూలము

మరిన్ని వివరాలకు ఇక్కడ క్లిక్ చేయండి.

అవతారిక

పరీక్షాఫలితములు మొదలుకొని పింఛను దరఖాస్తుల దాక, జనులకు పనిబడిన వెబ్‌సైట్లన్నిటను నిత్యపారాయణకు నోచుకొన్న ఈ మహావాక్యమునకు నేటివఱకు టీక పుట్టకపోవుటకు దాని సుబోధతయే కారణమని కొందఱందురు గాని, అది పొరపాటు. దీని భావము చదివినవారికే కాదు, పెక్కుమార్లు వ్రాసినవారికిని తెలియనిదై యున్నది.

టీక

మరిన్ని = ఇంతవఱకు చెప్పినవానికంటె అధికములైన (ఏమియు చెప్పకున్నను ఇట్లే వ్రాయుట సంప్రదాయము); వివరాలకు = ఏవియో కొన్ని సంగతుల కొఱకు; ఇక్కడ = నీలివర్ణముతోను క్రిందిగీతతోను ఒప్పుచున్న ఈ మూడక్షరముల మీద; క్లిక్ చేయండి = మౌసు లేని సెల్‌ఫోనునందైనను మౌసునే తలచుకొని నొక్కుడు.

అన్వయము సుగమము. (తోచనిచోట వ్యాఖ్యాతలందఱు నిట్లే వ్రాయుదురు.)

తాత్పర్యము

లోపల నేమున్నదో చెప్పుటకు మాకు తీరిక లేదు. నీవే పోయి చూచుకొని, కాదనిపించినచో వెనుకకు రమ్ము.

విశేషములు

చదువరి యనువాడు పుటను తొలిపంక్తినుండి తుదిపంక్తి వఱకు భక్తితో పఠించునని ఈ వాక్యకర్త నమ్మకము. 1997లో వెబ్ వాడుకను పరిశోధించు జేకబ్ నీల్సన్ పరీక్షించి చూడగా, నూటికి 79 మంది క్రొత్తపుటను కన్నులతో పైపైన తడవి పోవుచుండిరే కాని, మాటవెంట మాట చదివినవారు 16 మందే. అట్లు తడవు కన్ను క్రిందిగీత యున్నచోట నిలుచును. నిలిచినచోట ‘ఇక్కడ’ యన్నమాటయే కాని మఱేమియు కానరాదు. బస్‌స్టాండులో ప్రతి బస్సు నుదుటను ఊరిపేరునకు మాఱుగా ‘ఈ బస్సు ఎక్కండి’ యని వ్రాసిన నెట్లుండునో ఇదియు నట్లే.

చూపులేనివారి పాట్లు మఱింత దుస్సహములు. వారికై పుటను చదివి వినిపించు ఎన్‌వీడీఏ యను సాఫ్ట్‌వేరునందు ఇన్సర్టు మీటతో ఎఫ్7 మీటను కలిపి నొక్కినచో పుటలోని లింకులన్నియు ఒక పట్టికగా వచ్చును. పట్టికలో దిగినకొలది అది ‘ఇక్కడ’, ‘ఇక్కడ’ యని అదేపనిగా పలుకుచుండును గాని, ఫలితముల దేదో, ఫీజు రసీదు దేదో వినువానికి తేలదు. లింకు ఎచ్చటికి గొనిపోవునో దాని మాటలవలననో, దానినంటియున్న వాక్యమువలననో తెలియవలెనని వెబ్‌పుటలు వికలాంగులకును అందుటకై 2008లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణము విధించియున్నది. ‘వివరాలకు’ అని వాక్యమున కలదు గదా యని వాదించువారిని, ఏ వివరములని అడుగవలెను.

‘నొక్కుమని చెప్పనిచో పామరులు నొక్కుదురా?’ యని పూర్వపక్షము. రోజంతయు సెల్‌ఫోనునకు వచ్చిన లింకునెల్ల నొక్కుచు, నొక్కరాదని బ్యాంకులు మొఱపెట్టుకొన్నను మానని జనమును గూర్చి ఈ సందేహము చెల్లదు.

పాఠాంతరములు

‘ఇచ్చట నొక్కుడు’ అని దిద్దిన ప్రతులును కలవు. మాట తెలుగైనది, దోషము తీరలేదు. ‘ఉపకారవేతనపు దరఖాస్తు ఫారము – పీడీఎఫ్, 18 ఎంబీ’ అనునది మఱియొక పాఠము. దీనియందు లోపలి వస్తువు, దాని జాతి, దాని బరువు, మూడును నొక్కకమునుపే తెలియుచున్నవి. డేటా అయిపోవచ్చిన విద్యార్థి ఇప్పుడే నొక్కవలెనో, వైఫై దొరకువఱకు ఆగవలెనో తానే నిర్ణయించుకొనును. ఈ పాఠమే గ్రాహ్యము, తక్కినవి లేఖకప్రమాదములు.