ఉచిత సహకార మాహాత్మ్యం

ఆన్‌లైన్ సహకార సాధనం అంటే వేర్వేరు చోట్ల ఉన్న పలువురు ఒకే పత్రాన్ని ఒకేసారి తెరిచి రాయడానికి, దిద్దడానికి, పక్కన వ్యాఖ్యలు పెట్టడానికి వీలు కల్పించే అంతర్జాల సేవ. ఈ నిర్వచనంలో విద్యార్థులు కలిసి ఆలోచిస్తారనే హామీ ఎక్కడా లేదు. ఆ హామీని చేర్చినది సేవను తయారుచేసిన ఇంజనీర్లు కాదు, పాఠశాలల ప్రవేశ కరపత్రాలను రాసేవారు. వారి లెక్క ప్రకారం పత్రం ఉమ్మడిదైతే బుద్ధి కూడా ఉమ్మడిదవుతుంది, సాధనం ఉచితమైతే విద్య సులభమవుతుంది, ఈ రెండూ కుదిరిన తరగతి గది తనంతట తానే ఇరవై ఒకటో శతాబ్దంలోకి ప్రవేశిస్తుంది. ఆ శతాబ్దంలో పావు వంతు ఇప్పటికే కరిగిపోయిందన్న సంగతిని మాత్రం కరపత్రాలు ఇంకా గమనించలేదు.

ఈ సిద్ధాంతాన్ని ఏ ఊళ్ళోనైనా అమ్మవచ్చు గానీ, భిలాయ్‌లో అమ్మజూపడానికి ప్రత్యేకమైన సాహసం కావాలి. నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న ఈ ఉక్కు పట్టణం పుట్టిందే సహకారంలోంచి. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంలో ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారానికి ఎవరు ఏమివ్వాలో, ఎవరు ఎవరికి శిక్షణనివ్వాలో రాసుకున్నారు. సోవియట్ రుణానికి రెండున్నర శాతం వడ్డీ, పన్నెండు వార్షిక వాయిదాలు అని కూడా రాసుకున్నారు. నాలుగేళ్ళకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే కొలిమిని, ప్రారంభించారు. రష్యన్ నిపుణులతోనూ, అన్ని రాష్ట్రాల నుంచి వచ్చిన తోటివారితోనూ అక్కడికి వలస వెళ్ళిన తెలుగు కార్మికులు భాష తెలియకుండానే పని చేయగలిగారంటే, ఎవరి పని ఏదో, ఎవరి బాధ్యత ఎంతో ముందే తేలి ఉండడం వల్లనే. సోదరభావం ఎంత గాఢంగా ఉన్నా వడ్డీ శాతాన్ని దాచిపెట్టలేదు. ఆ స్నేహానికి గుర్తుగా వెలసిన మైత్రీ బాగ్ జంతుశాలలోని తెల్లపులులకు సైతం తమ బోను ఎవరిదో తెలుసు.

ఉమ్మడి పత్రం కూడా ఈ ఊరికి కొత్తది కాదు. కర్మాగారంలో దాని పేరు లాగ్‌బుక్. షిఫ్టు ముగించేవారు యంత్రం ఏ స్థితిలో ఉందో, ఏ లోపం మిగిలిందో, ఏ వాల్వు మూసి ఉందో అందులో రాసి సంతకం పెడతారు, షిఫ్టుకు ఎక్కేవారు దాన్ని చదివి బాధ్యత తీసుకుంటారు. అక్కడ రాయనిది జరిగితే ప్రాణం పోవచ్చు గనుక అందులో అలంకారాలకు చోటు లేదు, అక్షరాల రంగు మార్చి ‘నేనూ పాల్గొన్నాను’ అనిపించుకునే వీలూ లేదు. 260 మీటర్ల పొడవైన పట్టాలను రైల్వేలకు పంపే మిల్లులో ఒకడు పట్టా సాగదీస్తుండగా మిగిలిన ముగ్గురు దాని మీద తమ పేర్లు చేర్చి వెళ్ళడాన్ని బృంద కృత్యం అనరు. ఆ మాట అనే స్వేచ్ఛ బడులకు మాత్రమే ఉంది.

బడిలో ఆ కృత్యం నడిచే పద్ధతిని కొంత వివరంగానే చెప్పాలి. నలుగురు విద్యార్థులకు ఒక ఉమ్మడి పత్రం ఇస్తారు, అంశం చాలాసార్లు నీటి సంరక్షణ అయి ఉంటుంది. మొదటి విద్యార్థి, సాధారణంగా ఇంట్లో కంప్యూటరూ మనసులో భయమూ రెండూ ఉన్నవాడు, మొత్తం రాస్తాడు. రెండోవాడు శీర్షికను నీలం రంగులోకి, తరువాత ఎరుపులోకి, పశ్చాత్తాపంతో మళ్ళీ నీలంలోకి మారుస్తాడు. మూడోవాడు ‘చాలా బాగుంది’ అని వ్యాఖ్య పెడతాడు, ఆ వ్యాఖ్యను సహపాఠి సమీక్ష అంటారు. నాలుగోవాడు గడువు ముగిసే రాత్రి ప్రవేశించి తన పేరులోని అక్షరదోషాన్ని సరిచేసి నిష్క్రమిస్తాడు. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరన్న పాత ప్రశ్నకు ఆధునిక విద్య సమాధానం కనిపెట్టింది: మోసేవాడు ఒక్కడే అయినా మార్కులు నలుగురికీ సమానం. నిజానికి ఎవరు ఎప్పుడు ఏ వాక్యం రాశారో చూపే సవరణ చరిత్ర అనే సదుపాయం ఆ పత్రాల్లోనే ఉంది, దాన్ని తెరిస్తే పై భాగోతం నిమిషాలతో సహా కనిపిస్తుంది. అయితే కిక్కిరిసిన సెక్షన్లను చూసుకోవాల్సిన ఉపాధ్యాయుడు ప్రతి బృందం చరిత్రనూ తవ్వుతూ కూర్చుంటే పాఠం చెప్పే వేళ మిగలదు. అతడిని అడిగేది కూడా చరిత్ర కాదు, తెర ఫోటో. తెర మీద నాలుగు రంగుల కర్సర్లు కదులుతున్న ఒక్క ఫోటో ఉంటే సహకారం జరిగినట్టు రుజువైపోతుంది.

అసలైన సహకారం ఏదన్న విషయంలో 2020 నాటి ఛత్తీస్‌గఢ్ అనుభవం బోధపరచినంతగా ఏ శిక్షణ తరగతీ బోధపరచలేదు. లాక్‌డౌన్‌లో బడులు మూతపడగానే, ఆ ఏడాది ఏప్రిల్ 7న, రాష్ట్ర ప్రభుత్వం ‘పఢాయీ తుంహర్ దువార్’ అనే ఉచిత ఆన్‌లైన్ వేదికను ప్రారంభించింది. చదువు మీ గుమ్మంలోకి అని ఆ ఛత్తీస్‌గఢీ పేరుకు అర్థం. గుమ్మం దాకా వచ్చిన చదువు ఫోను లేని ఇళ్ళ ముందు, సిగ్నల్ లేని ఊళ్ళ పొలిమేరలో ఆగిపోయింది. అప్పుడు అదే ప్రభుత్వం వాడవాడలా పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి స్థానికుల సాయంతో చదువు చెప్పించే ‘పఢాయీ తుంహర్ పారా’నూ, అంతర్జాలం అందని చోట్ల పాఠాల ధ్వనిని బ్లూటూత్ ద్వారా ఒక ఫోను నుంచి మరో ఫోనుకు చేరవేసే ‘బుల్టూ కే బోల్’నూ మొదలుపెట్టవలసి వచ్చింది. అరుగు మీద పెద్దపిల్ల చిన్నపిల్లకు ఎక్కాలు చెప్పడం కన్నా అసలైన సహకార అభ్యసనం మరొకటి లేదు గానీ, దానికి లోగో లేదు, లాగిన్ లేదు, కాబట్టి కరపత్రంలో చోటూ లేదు. వాడల్లో కూర్చోబెట్టి చెప్పించిన ఆ చదువును అత్యవసర ఏర్పాటుగా మరచిపోయి, సగంలో ఆగిన ఆన్‌లైన్ వేదికను భవిష్యత్తుగా స్వీకరించడం విద్యాలోకానికే చెల్లింది.

ఇక ‘ఉచితం’ సంగతి. ఉచిత సేవల్లో కాస్త నిజాయితీ కలది వీడియో సమావేశాల సేవ జూమ్. నలభై నిమిషాలు కాగానే ఉచితం అయిపోయిందని ముఖం మీదే చెబుతుంది. తక్కినవి అలవాటు ముదిరేదాకా ఓపిక పడతాయి. బడిపిల్లల ఉమ్మడి పుటలకు ఆశ్రయమిచ్చిన వికీస్పేసెస్ 2018లో తలుపులు మూసింది. విద్యాసంస్థలకు నిల్వ స్థలం అపరిమితమని ప్రకటించిన గూగుల్, 2021లో పరిమితి ఉంటుందని తెలిపి, ఒక్కో సంస్థ మొత్తానికి ప్రాథమికంగా 100 టెరాబైట్లు అని గీత గీసింది. ఉపాధ్యాయులు రంగురంగుల చీటీలు అతికించుకున్న జామ్‌బోర్డ్‌ను అదే కంపెనీ 2024 డిసెంబరు 31న ఎత్తివేసి, వేరే కంపెనీల బోర్డులకు వెళ్ళమని మర్యాదగా దారి చూపింది. దీనిలో మోసమేమీ లేదు. డబ్బు తీసుకోని దుకాణం ఎప్పుడు మూసుకున్నా కొనుగోలుదారుకు అడిగే హక్కు లేదు, ఎందుకంటే అక్కడ కొనుగోలుదారే లేడు. భిలాయ్ కోసం రెండున్నర శాతం వడ్డీ కట్టినవాడికి గడువు తెలుసు, వాయిదా తెలుసు, పన్నెండో వాయిదా తరువాత కొలిమి తనదేనని తెలుసు.

మరి కొనుగోలుదారు లేని ఆ దుకాణంలో సరుకేమిటన్నది ఎడ్మోడో కథ చెబుతుంది. తరగతి గదుల కోసమే పుట్టిన ఈ ఉచిత వేదిక 2022 సెప్టెంబరులో మూతపడింది. మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలు సేకరించి ప్రకటనలకు వాడుకుందని దాని మీద అభియోగం మోపింది. అనుమతి తెచ్చే బాధ్యతను ఆ కంపెనీ బడుల మీదికి, ఉపాధ్యాయుల మీదికి నెట్టిందన్నది అందులోని మరో ఆరోపణ. 60 లక్షల డాలర్ల జరిమానా ఖరారైంది, చెల్లించే స్తోమత లేదని దాని వసూలు నిలిచిపోయింది. అంటే చివరికి జరిమానా కూడా ఉచితమే అయింది. 2022లో మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లోని ఆన్‌లైన్ విద్యా సాధనాలను పరిశీలించి, పదింట దాదాపు తొమ్మిది పిల్లల సమాచారం విషయంలో హక్కులకు ముప్పు లేదా భంగం కలిగించేలా వ్యవహరించాయని నివేదించింది. వాటిలో మన దేశ ప్రభుత్వ వేదిక దీక్షా కూడా ఉన్నందున, ఇది విదేశీ కంపెనీల జబ్బేనని సరిపెట్టుకునే అవకాశం కూడా లేకపోయింది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారి సమాచారాన్ని వాడుకునే ముందు తల్లిదండ్రుల నుంచి సరిచూడదగిన సమ్మతి పొందాలంటుంది. ఈ సమ్మతిని బడులు సాధారణంగా వాట్సాప్ గ్రూపులో పొందుతాయి. ఎవరూ వద్దనలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నట్టే. గేటు పాసు లేకుండా బంధువును సైతం కర్మాగారం లోపలికి తీసుకెళ్ళలేని తండ్రి, తన కూతురి పేరు, ఫోటో, మార్కులు, ఆమె రాత్రి ఎన్నింటికి వ్యాసం దిద్దుకుందన్న వివరం ఏ దేశంలోని సర్వర్‌లో ఉన్నాయో అడగకుండానే బొటనవేలు గుర్తు పంపి షిఫ్టుకు వెళ్ళిపోతాడు.

ఈ సాధనాలను బడి నుంచి వెళ్ళగొట్టాలని ఎవరూ కోరడం లేదు, ఆ కోరిక నెరవేరదు కూడా. బడి పెట్టిన అధికారిక ఖాతాలో గాక ఉపాధ్యాయుడి సొంత ఈమెయిల్‌లో తయారైన పత్రాలకు ఆయనే యజమాని గనుక, ఆయన బదిలీ అయ్యాక ఎప్పుడో ఆ ఖాతా తొలగిస్తే తరగతి మొత్తం ఏడాది పాటు చేసిన ‘సహకారం’ దానితోపాటే మాయమవుతుందన్న సంగతిని, పత్రాల నకళ్ళు తీసి భద్రపరచే బాధ్యత ఎవరిదన్న సంగతిని, సేవ మూతపడితే పిల్లల వివరాలు ఎవరు చెరిపివేస్తారన్న సంగతిని మూడు వాక్యాల్లో ప్రవేశ కరపత్రంలో అచ్చువేస్తే చాలు. అయితే నాలుగు సాధనాల లోగోలు, చిరునవ్వులు చిందించే పిల్లల ఫోటో, ప్రవేశ రుసుము పట్టిక వేసిన తరువాత కరపత్రంలో అంత స్థలం మిగలదని యాజమాన్యాలు విన్నవించుకుంటాయి.