గిరీశం చిరునామా

ఆయన విజయనగరం వచ్చిందే కన్యాశుల్కం నాటకంలోని గిరీశం బస ఎక్కడో పట్టుకోవడానికి. హైదరాబాదు నుంచి దిగిన పరిశోధకులు. మనిషి దర్జా, మాట అంతకన్నా దర్జా. రెండు తెలుగు మాటల మధ్య మూడు ఇంగ్లీషు మాటలు పడితే గాని ఊపిరాడదు. కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్న పాపానికి ఆయన్ని ఊరంతా తిప్పే పని నా నెత్తిన పడింది.

ఆయన రాయబోయే పుస్తకం పేరు "సాహిత్యంలో స్థలం". కథలోకి నిజమైన ఊరు వచ్చిందంటే, అందులోని ఇల్లూ వాకిలీ ఎక్కడున్నాయో తేల్చి తీరాలన్నది ఆయన పట్టుదల.

"షెర్లాక్ హోమ్స్‌ని చూడండి మాస్టారూ! కానన్ డాయల్ రాసే రోజుల్లో బేకర్ స్ట్రీట్‌లో 221 నంబరే లేదు. అయినా లోకం నలుమూలల నుంచీ ఆ చిరునామాకి ఉత్తరాలు వచ్చాయి. ఇప్పుడు మ్యూజియం కూడా ఉంది. మన గిరీశానికి గోడ మీద ఓ పలకైనా లేదు. సిగ్గుచేటు!"

లాడ్జి తిండి పడదన్నారు. నేను రోజూ తినే మెస్సులోనే ఏర్పాటు చేశాను. భర్త పోయాక ఒక పెద్దావిడ నడుపుకొస్తున్న మెస్సు అది. మొదటి పూటే ఈయన "అన్నపూర్ణమ్మగారూ" అని పిలిచేసరికి ఆవిడ పొంగిపోయి ఇంకో గరిటె నెయ్యి వడ్డించింది.

పరీక్ష తప్పి ఊరికే తిరుగుతున్న మా విద్యార్థి ఒకడు ఆయనకు శిష్యుడైపోయాడు. సంచీ మోయడం, సిగరెట్లు తేవడం వాడి వంతు. జ్ఞానబోధ ఆయన వంతు.

బొంకుల దిబ్బ దగ్గర మొదలుపెట్టాం. కన్యాశుల్కం తెర లేచేది అక్కడే. ఆయన ఫోనులో మ్యాపు తెరిచి, అడుగులు లెక్కపెడుతూ, ఇటు నుంచి అయితే మధురవాణి ఇల్లు ఎటు, పూటకూళ్లమ్మ ఇల్లు ఎటు అని పూలమ్మేవాళ్లనీ కొట్లవాళ్లనీ వాకబు చేశారు. ఒకాయన చాలాసేపు ఆలోచించి, "ఆ పేరుగలవాళ్లెవరూ ఈ వీధిలో అద్దెకి లేరండీ" అన్నాడు.

గురజాడ కాపురమున్న ఇల్లు చూపించాను. గుమ్మంలో సెల్ఫీ తీసుకుని వెంటనే బయటికి వచ్చేశారు.

"ఇది రచయిత ఇల్లు మాస్టారూ. మనకు కావలసింది పాత్ర ఇల్లు."

నాకు తెలిసిందేదో చెప్పబోయాను. నాటకాన్ని 1892లో మొదట ఆడింది ఈ ఊళ్లోనే. చూసినవాళ్లు ఆట అయ్యాక ఆ బొంకుల దిబ్బ మీదుగానే ఇళ్లకు నడిచి ఉంటారు. ఇదెక్కడో దూరదేశపు కథ అని తప్పించుకునే వీలు వాళ్లకు లేకుండా చేశాడు గురజాడ. ఊరి పేరు దాచకపోవడానికి కారణం ఉంది. విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితా మహారాజావారు తయారు చేయించారు. మూడేళ్లలో తేలినవే 1034. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది వయసు పెళ్లికూతుళ్లు ముగ్గురు. 1897లో పుస్తకం అచ్చయినప్పుడు గురజాడ ఈ లెక్క పీఠికలోనే పెట్టాడు. జబ్బు ఈ నేల మీద ఉంటే కథను ఇంకెక్కడ నడుపుతాడు?

"కాబట్టి ఆయన ఇంటి నంబర్లు ఇవ్వలేదండీ. ఊరి పేరు చెప్పి, లోపలున్న మనుషుల్ని మీరే గుర్తుపట్టుకోండి అన్నాడు" అన్నాను.

"అదంతా సంఘసంస్కరణ. నేను చూసేది టోపోగ్రఫీ" అన్నారాయన, సిగరెట్టు నుసి రాలుస్తూ.

సెలవులు ఇచ్చారు. శిష్యుడి ఊళ్లో పాత గుడి, దాని గోడ మీద శాసనం, చుట్టూ మామిడితోటలు ఉన్నాయట. కుర్రాడికి నెల్లాళ్లపాటు ఇంగ్లీషు చెప్పినట్టూ ఉంటుంది, శాసనం చూసినట్టూ ఉంటుందని ఒక తెల్లవారుజామున ఇద్దరూ బస్సెక్కేశారు.

తర్వాత కొన్నాళ్లకు ఒక ఆదివారం అనుబంధంలో ఆయన వ్యాసం పడింది. పక్కనే బొంకుల దిబ్బలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ ఆయన ఫోటో. చివరి పేరాలో తీర్పు చెప్పారు: పూటకూళ్లమ్మ ఇల్లు కాలగర్భంలో కలిసిపోయింది, గిరీశం ఆ కాలంతోనే చెల్లిపోయాడు, నేటి విజయనగరంలో అతని ఆనవాలు వెతకడం వృథా.

ఆ పూట పేపరు మెస్సుకు పట్టుకెళ్లాను. పెద్దావిడ ఫోటో చూసి గుర్తుపట్టింది.

"ఊరంతా తిరిగేరు కదండీ. ఎవరింటి కోసవేటి?"

"గిరీశం అని, నాటకంలో మనిషిలెండి."

"ఏటి చేసేడాయన?"

అన్నం కలుపుకుంటూ క్లుప్తంగా చెప్పాను. మాటకారి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. ఈ ఊళ్లో ఒక పూటకూళ్లమ్మ చేతి కూడు తిన్నాడు. సంతలో సామాను కొనిపెడతానని ఆవిడ దగ్గర డబ్బు పట్టుకెళ్లి, మధురవాణి అనే ఆవిడ కింద ఖర్చు పెట్టేశాడు. పూటకూళ్లమ్మ వెంటపడేసరికి, చదువు చెప్పే వంకతో శిష్యుడి వెంట వాళ్ల ఊరు జారుకున్నాడు.

ఆవిడ చేతిలో సాంబారు గరిటె అలాగే ఆగిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోటో వంకే చూస్తోంది. తర్వాత లోపలికి వెళ్లి ఖాతా పుస్తకం తెచ్చి నా విస్తరి పక్కన పెట్టింది. అన్నపూర్ణమ్మగారి చేతి వంట తిన్న పూటలన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కదాని మీదా జమ గీత లేదు. అన్నిటికన్నా కింద పెద్ద అంకె ఒకటి విడిగా ఉంది.

"మిల్లు రేటుకి బియ్యం బస్తాలు తెప్పిస్తానని పట్టుకెళ్లేరండి, బస్సెక్కే ముందురోజు" అంది.

నేను తలెత్తలేకపోయాను. ఆవిడకు మాత్రం కోపం లేదు. ఒక్క సంగతి తెలుసుకోవాలని ఉన్నట్టుంది.

"మాస్టారూ, నాటకం మీరు పూర్తిగా చదివేరు కదా. ఆఖరికి ఆ పూటకూళ్లమ్మ డబ్బులు ఆవిడకి ముట్టేయాండీ?"