పబ్బు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: లండన్ శివార్లలో ఆదివారం పూట పిల్లాపాపలతో పబ్బుకు పోయే తెలుగువారిని ఉద్దేశించి చెప్పిన ఆటవెలది ఇది. కవి ఎవరో తెలియదు. బిల్లు కట్టినవాడే అయి ఉండాలి.

బల్ల చూచికొనుము, బారుకడకుఁ బొమ్ము,
పైంటు నడిగి మొదట పైకమిమ్ము,
సంఖ్య చెప్పి మరలి చక్కఁగాఁ గూర్చుండు,
వచ్చుఁ బళ్లెమదియె వడిగఁ గాదు.

ప్రతిపదార్థం: బల్ల = ఖాళీ టేబులును; చూచికొనుము = నీవే వెతుక్కొనుము, ఎవరూ వచ్చి కూర్చోబెట్టరు గనుక; బారుకడకున్ = గ్లాసులు వేలాడే ఆ కౌంటరు దగ్గరకు; పొమ్ము = నీ కాళ్లతోనే పొమ్ము; పైంటున్ = 568 మిల్లీలీటర్ల కొలతను; అడిగి = వరుసలో నీ వంతు వచ్చాకే అడిగి; మొదట = ముద్ద నోట పెట్టకముందే; పైకము ఇమ్ము = కార్డు తాకించుము; సంఖ్య = టేబులుకు బిగించిన అంకెను; చెప్పి, మరలి, చక్కఁగాన్ = ‘బాబూ, ఇటు రా’ అని చేయి ఊపకుండా; కూర్చుండు; పళ్లెము = భోజనము; అదియె = తనంతట తానే; వచ్చున్; వడిగన్ కాదు = సుమారు అరగంటకు.

తాత్పర్యం: హోటల్లో కూర్చున్నట్టు కూర్చుంటే పస్తే.

విశేషాలు: ఇక్కడ ‘నీవు’ ఎవరు? ఆఫీసు బృందంతో వచ్చిన కుర్రవాడని కొందరి మతం. గుంటూరు నుంచి ఆరు నెలల వీసా మీద కూతురింటికి వచ్చిన మామగారని మా మతం. కుర్రవాడికి ఇంత చెప్పనక్కర్లేదు.

పద్యానికి ప్రాణం ‘మొదట’ అన్న మాట. మనవాళ్లు భోజనం చివర బిల్లు కోసం చేసే కుస్తీ లోకప్రసిద్ధం. డబ్బు ముందే పుచ్చుకోవడంతో ఆ కుస్తీకి గోదా లేకుండా పోయింది. కొందరు కలిసి తాగితే మాత్రం వంతులవారీగా ఒక్కొక్కరు అందరికీ కొంటారు. తన వంతు రాగానే ఫోను మాట్లాడుతూ బయటికి పోయేవాణ్ణి ఆ ఊళ్లో ఎవరూ మరిచిపోరు.

బారుకు పిల్లలను తీసుకుపోవచ్చునా అని పూర్వపక్షం. పెద్దలు వెంట ఉంటే చట్టం అడ్డుపడదని సమాధానం. చాలాచోట్ల వెనక తోట, పిల్లలకు రంగు పెన్సిళ్లు, పక్క టేబులు కింద ఎవరిదో కుక్క, దాని ముందు నీళ్ల గిన్నె. కుక్కకు తనకంటే ముందు నీళ్లు వచ్చాయని అలిగిన మామగారిని మేమెరుగుదుము. పద్దెనిమిది నిండనివారికి మద్యం అమ్మడం నేరం. అయితే పదహారు, పదిహేడేళ్లవారు పెద్దలు కొనిపెడితే భోజనంతోపాటు బీరు తాగవచ్చునని ఇంగ్లండు చట్టం. ఈ సంగతి మన ఇంటర్ పిల్లల చెవిన వేయరాదు.

‘పైంటు’ వద్ద కొంత ఆగాలి. బారు వెనక అమ్మాయి గ్లాసు వంచి పట్టుకుని, నిలువు పిడిని రెండు మూడుసార్లు తనవైపు లాగుతుంది. లాగినప్పుడల్లా నేలమాళిగలోని పీపా నుంచి ‘ఏల్’ అనే బీరు పైకి వస్తుంది. గ్లాసులో పాలపొంగులా సుళ్లు తిరిగి, అడుగు నుంచి తేటపడుతూ తేనెరంగుకు దిగుతుంది. పదకొండు నుంచి పదమూడు డిగ్రీల దగ్గర ఉంచుతారు కనుక మనవాడికి అది ‘చల్లారిన’ బీరుగా తోస్తుంది. గ్యాసు ఎక్కించిన చల్లటి బీరు దీన్ని మూలకు నెడుతుంటే, 1971లో కామ్రా అనే తాగరుల సంఘం పుట్టి, పోరాడి నిలబెట్టింది. అందులో ఐసు ముక్క అడగడం చరిత్రద్రోహం.

‘పళ్లెము’ అనగా ఆదివారపు రోస్టు. మాంసం ముక్కలు, వేయించిన బంగాళాదుంపలు, గ్రేవీ, పక్కన యార్క్‌షైర్ పుడ్డింగు. ఇది తీపి కాదు. పిండి, గుడ్లు, పాలు కలిపి ఓవెన్లో పొంగించిన గుల్ల దొప్ప; గ్రేవీ పట్టడానికే పుట్టింది. బీఫ్ వద్దనేవారికి కోడి దొరుకుతుంది. శాకాహారులు గ్రేవీ దేనితో చేశారో అడిగి తీరాలి. ఆవకాయ సీసా హ్యాండుబ్యాగులోంచి తీయడం గురించి పద్యం మౌనం వహించింది, మేమూ అంతే.

ఫోనులోనే ఆర్డరు పెట్టే పబ్బుల్లో ‘బారుకడకుఁ బొమ్ము’ చెల్లదు. ‘బల్ల చూచికొనుము’ కూడా ఆదివారం అంతగా చెల్లదు. రోస్టు అయిపోతే ఆ పూటకు మళ్లీ వండరు. శనివారమే ఫోను చేసి పన్నెండున్నరకు టేబులు చెప్పి ఉంచుకోండి.