చిన్ని డబ్బ పద్యం: టీకా, తాత్పర్యం

అవతారిక: కారుకు కంపెనీ ఇచ్చిన ఆయిల్ ఫిల్టర్ చాలదనీ, పక్కన ఇంకొకటి బిగిస్తే ఇంజన్‌కు చిరాయువనీ నమ్మేవారు లోకంలో ఒక శాఖగా ఉన్నారు. ఆ రెండోదాని పేరు బైపాస్ ఫిల్టర్. అది బండితో రాదు, బయట కొని పెట్టించుకోవాలి. పుట్టిల్లు అమెరికా. అమ్మేవాడు బానెట్ ఎత్తి పట్టుకుని, కొనేవాడి మొహంలోకి చూస్తూ చదువుతున్న పద్యం ఇది. ఛందస్సు ఆటవెలది. సరుకు తేలిగ్గా కదలాలంటే నడక కూడా తేలిగ్గా ఉండాలి కదా.

నూనె పాయ చీల్చి నునుపుగా వడగట్టి
మరల తొట్టిలోకి మళ్లజేయు
చిన్ని డబ్బ యొకటి చేర్చిన బండికి
మార్పు లేదు నూనె, మరణ మేది?

ప్రతిపదార్థం: నూనె పాయ = ఇంజన్ ఆయిల్‌లో ఒక చిన్న వాటాను; చీల్చి = అసలు ప్రవాహం నుంచి పక్కకు తీసి; నునుపుగా = మిక్కిలి సన్నగా; వడగట్టి = మడ్డి తీసి; మరల = తిరిగి; తొట్టిలోకి = ఇంజన్ అడుగున నూనె నిలిచే చోటికి, మెకానిక్కుల భాషలో ఛాంబర్‌లోకి; మళ్లజేయు = పంపించునట్టి; చిన్ని డబ్బ యొకటి = బైపాస్ ఫిల్టర్‌ను (‘చిన్ని’ అనేది డబ్బాకే విశేషణం, ధరకు కాదు); చేర్చిన బండికి = బిగించిన వాహనానికి; నూనె మార్పు లేదు = ఆయిల్ మార్చే పని ఉండదు; మరణము ఏది = చావెక్కడిది?

‘నునుపుగా’ అన్న చోట పండితులు ముక్కు విరుస్తారు. వడగట్టేది సన్నగా, నునుపుగా కాదు. యతికి ‘నూ’తో ‘ను’ కావలసి వచ్చి కవి సర్దుకున్నాడు. సరుకు అమ్మే కవికి ఇంతమాత్రం చొరవ ఉండవచ్చును.

వ్యాఖ్య: ‘పాయ చీల్చి’ అన్న రెండు మాటల్లోనే యంత్రరహస్యమంతా ఉంది. బండితో వచ్చిన ఫిల్టర్ గుండా పంపు తోడిన నూనె మొత్తం పోవాలి, బేరింగులకు క్షణం కూడా ఆలస్యం కారాదు. అందుచేత దాని రంధ్రాలు మరీ సన్నగా ఉంటే కుదరదు. సాధారణంగా అది గట్టిగా పట్టేది ఇరవై నుంచి నలభై మైక్రాన్ల నలుసులను. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. ఫిల్టర్ పూడుకుపోయినా, చలిలో నూనె చిక్కబడినా, లోపలున్న చిన్న వాల్వు తెరుచుకుని నూనెను వడకట్టకుండానే వదిలేస్తుంది. మురికి నూనె దొరకడం ఇంజన్‌కు కష్టమే, అసలు నూనె దొరకకపోవడం మృత్యువు. ఆ వాల్వు పేరూ బైపాసే. దానికీ ఈ డబ్బాకూ చుట్టరికం లేదు, కలిపి చదివి తికమకపడరాదు.

డబ్బాకు ఆ తొందర లేదు. పంపు తోడినదాంట్లో పదో వంతుకు మించకుండా తీసుకుని, గట్టిగా కుదించిన కాగితపు గుజ్జులోంచి నిదానంగా దిగనిచ్చి, రెండు నుంచి అయిదు మైక్రాన్ల నలుసులను కూడా పట్టి తొట్టిలోకి వదులుతుంది. బేరింగుల మధ్య నూనె పొర మందం కూడా ఇంచుమించు ఆ కొలతల్లోనే ఉంటుంది కనుక, ఆ పొరలో దూరే నలుసులే ఎక్కువ అరగదీస్తాయి. ఇంతవరకూ కవి చెప్పింది సత్యం.

ప్రమాణం అడిగితే అమ్మకందారులు 1988 నాటి జనరల్ మోటార్స్ ఇంజనీర్ల పత్రం చూపిస్తారు. నలభై మైక్రాన్ల వడపోత బదులు పదిహేను మైక్రాన్లది వాడితే అరుగుదల డెబ్బై శాతం తగ్గిందని అందులో ఉంది. వారికిది శ్రుతి. ఆ పరీక్షలో నూనెలో పనిగట్టుకుని దుమ్ము కలిపారన్న సంగతి మాత్రం స్మృతిలో ఉండదు.

సంప్రదాయం: ఈ డబ్బా కొత్తదేమీ కాదు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ ప్యూరొలేటర్ పేరుతో తెచ్చిన తొలి ఆయిల్ ఫిల్టరే ఈ జాతిది. నూనె మొత్తాన్నీ వడకట్టే పద్ధతి కార్లలో తర్వాత స్థిరపడింది. కనుక ఇప్పుడు అదనంగా అమ్ముతున్నది ఒకప్పటి అసలు. 1950ల నాటికి ఫ్రాంట్జ్ అనే మరో శాఖ పుట్టింది. వారి డబ్బాలో వడపోతకు వేసేది టాయిలెట్ పేపరు చుట్ట. కాగితం నీటిని కూడా పీలుస్తుంది కనుక పని బాగానే చేసేది, చుట్ట అరిగితే కిరాణా కొట్టులో ఇంకొకటి. ఆ చుట్టకు మన ఇళ్లలో పెద్దగా గిరాకీ లేకపోవడం చేతనో ఏమో, ఈ శాఖ తెలుగునాట వేరూనలేదు.

‘మార్పు లేదు నూనె’: ఇక్కడ అలంకారం అతిశయోక్తి. పూర్వపక్షి వాదం ఇది: నూనె మురికి పడితేనే కదా మారుస్తాం, మురికి పోతే మార్చడం దేనికి? సిద్ధాంతి జవాబు: మురికి ఒక్కటే కారణమైతే నీ మాట నిజమే. నూనెలో కరిగిన పెట్రోలును ఏ జల్లెడ పడుతుంది? ఆమ్లాలను చంపడానికి నూనెలో కలిపిన మందులు ఖర్చయిపోతే డబ్బా ఎక్కడి నుంచి తెస్తుంది? వేడికి ఆక్సీకరణ చెందిన నూనెను వెనక్కి తిప్పేదెవరు? ఇందులో ఒక చమత్కారం కూడా ఉంది. డబ్బాలోని ఎలిమెంట్ మార్చినప్పుడల్లా దానితో పోయిన నూనెకు బదులు కొత్త నూనె పోస్తారు. ఆ కొత్త నూనెతో కొత్త మందులూ వస్తాయి. డబ్బా ఖాతాలో రాసే కీర్తిలో కొంత ఆ సీసాది.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డిప్‌స్టిక్ తీసి, చివర వేలాడే బొట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, ‘నల్లబడిపోయింది సార్’ అంటాడు మెకానిక్. డీజిల్ బండిలో నూనె మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడమే దాని ఉద్యోగం. నలుపు దోషం కాదు.

ఇక అసలు చిక్కు. మారుతి చిన్నకార్ల సర్వీసు పుస్తకంలో నూనె మార్పు పదివేల కిలోమీటర్లకు గానీ, ఏడాదికి గానీ, ఏది ముందైతే అది. పిల్లల బడి, కూరగాయల బజారు, ఆదివారం అత్తగారిల్లు. ఇలా తిరిగే కారు ఏడాదిలో పదివేలు దాటదు. దాని నూనె మారేది క్యాలెండరు వల్ల. రెండు కిలోమీటర్లు పోయి ఆగే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, నీటి ఆవిరీ పెట్రోలూ నూనెలోనే నిలుస్తాయి. క్యాలెండరును వడకట్టే డబ్బా ఇంతవరకూ రాలేదు. పైగా ఛాంబర్‌లో ఉండేది మూడు మూడున్నర లీటర్లు. దాన్ని ఆదా చేయడానికి వేలు పోయడం ఏ శాస్త్రమో కవే చెప్పాలి.

పాఠాంతరం: ‘మరణ మేది’ అన్న చోట కొందరు ‘మరమతేది’ అని చదువుతారు. అర్థం సరసంగానే ఉంది కానీ, మరమ్మతు అని శుద్ధంగా రాస్తే గణభంగం. అందుచేత మరణమే సాధుపాఠం. ఎవరి మరణం అన్నదానికి జవాబు పద్యంలో లేని ఒక వస్తువులో ఉంది: గొట్టం. ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర టీ జాయింటు వేసి, అక్కడి నుంచి రబ్బరు గొట్టంలో నూనె డబ్బాకు పోతుంది. దారిలో సన్నటి రంధ్రమున్న బిళ్ల ఉండాలి, లేకుంటే ప్రెషర్ పడిపోతుంది. ఆ గొట్టం బ్రాకెట్ అంచుకు రాసుకుని చిరిగిందో, నిండా ప్రెషర్‌తో ఉన్న నూనె నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది, ఎర్ర దీపం చూసి ఆపేలోగా ఇంజన్ పట్టేస్తుంది. తిరుగు గొట్టంలో ప్రెషర్ ఉండదు, కానీ అది ఊడినా నూనె మెల్లగా కారిపోతూనే ఉంటుంది. వారంటీ మాటకొస్తే, డల్లస్‌లో ఉన్న తెలుగువాడైతే, బయటి సామాను పెట్టినంత మాత్రాన వారంటీ రద్దు చేయరాదనే 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం తన పక్షాన ఉందంటాడు. గొట్టం వల్లే ఇంజన్ పోయిందని తేలితే ఆ చట్టం అతని అక్కరకు రాదు, కంపెనీకి అడ్డు రాదు.

మరి పద్యం ఎవరికి అన్వయిస్తుంది? పాతిక లీటర్ల నూనె పట్టి, పగలూ రాత్రీ హైవే మీద నడిచే లారీకి, బస్సుకు. అమెరికాలో ఐడహో నేషనల్ ల్యాబొరేటరీ తన డీజిల్ బస్సులకు ఈ డబ్బాలు బిగించి, నూనె నమూనాలు పరీక్షిస్తూ ఏళ్ల పాటు నడిపింది. నూనె మార్పులు బాగా తగ్గాయి. నమూనా పరీక్ష అన్న మాట గమనించాలి, నూనె ఇంకా పనికొస్తుందని వాళ్లకు చెప్పింది ల్యాబు, డబ్బా కాదు. పెద్ద డీజిల్ ఇంజన్లలో కొన్నింటికి తయారీదారులే ఈ వడపోతను కలిపి ఇస్తారు. కాబట్టి కవి అబద్ధమాడాడని అనలేం, ‘బండికి’ అన్నచోట ‘లారీకి’ అనాల్సింది, అంతే.

ఆక్షేపం: అయితే చిన్నకారువాడు దుమ్ము బాధకు ఏం చేయాలి? సమాధానం: నూనెలోని దుమ్ములో చాలా భాగం గాలితో వచ్చేదే. ఎయిర్ ఫిల్టర్ వేళకు మార్చి, పెట్టె మూత క్లిప్పులు నాలుగు వైపులా సరిగ్గా పడ్డాయో లేదో వేలితో నొక్కి చూసుకోవాలి. దీని మీద పద్యమేదీ కనబడదు. కొన్ని వందల సరుకులో అమ్మేవాడికి ఆటవెలదికి సరిపడా మిగలదు.